మూటలు కట్టేవాళ్ళ గోడు

కరెంటున్నంతసేపూ మన వీధి లైన్‌మన్ పేరేంటో ఎవరికీ గుర్తుండదు. పోయిన ఐదు నిమిషాలకి మాత్రం "అసలా మనిషి ఏం చేస్తున్నాడు?" అని వీధి వీధంతా ఒకటే రంకెలు. సాఫ్టువేరు లోకంలో సరిగ్గా ఇదే బతుకు బతుకుతున్నవాళ్ళు కొందరున్నారు. ప్రోగ్రాములు రాసేవాళ్ళ గురించి కాదు నేను చెప్పేది. వాళ్ళు రాసినదాన్ని మూట కట్టి, అవతలివాడి కంప్యూటర్లో ఆ మూట విప్పి సర్దిపెట్టే పనిముట్లు ఉంటాయి చూడండి, వాటిని ఏళ్ళ తరబడి బాగుచేస్తూ కూర్చునేవాళ్ళ గురించి. పైథాన్‌లో సెటప్‌టూల్స్, పెర్ల్‌లో మేక్‌మేకర్, మాడ్యూల్ బిల్డ్ లాంటివన్నమాట. వీటి గురించి మన తెలుగువాళ్ళలో మాట్లాడేవాళ్ళు తక్కువ, వీటిని తిట్టేవాళ్ళు మాత్రం బోలెడుమంది. అందుకే నా వంతుగా ఈ నాలుగు మాటలు.

ఈ ఫీల్డులో లేనివాళ్ళ కోసం ముందు కాస్త వివరణ. తెలిసినవాళ్ళు ఈ పేరా దూకెయ్యండి. ఎవరో ఒకాయన ఒక మాడ్యూలు రాసి అందరికీ ఉచితంగా ఇచ్చాడనుకోండి. అది మీ మెషీన్ మీద నడవాలంటే ముందు మీ దగ్గర ఉన్న భాష వెర్షన్ ఏమిటో చూడాలి. ఈ మాడ్యూలుకి ఇంకే మాడ్యూళ్ళు కావాలో చూసి, లేనివి తెప్పించాలి. లోపల సీ కోడు ఉంటే, మీ దగ్గర ఏ కంపైలర్ ఉందో వెతికి, దానికి అర్థమయ్యే ఆప్షన్లతో కంపైల్ చెయ్యాలి. టెస్టులు నడపాలి. ఆ తర్వాత ఏ ఫైలు ఏ ఫోల్డర్లోకి పోవాలో తేల్చి అక్కడ పెట్టాలి. ఇదంతా మీరు కొట్టిన ఒక్క ఇన్‌స్టాల్ కమాండు వెనకాల జరిగేది. సవ్యంగా జరిగితే రెండు మూడు లైన్లు స్క్రీను మీద కనబడి మాయమైపోతాయి. జరక్కపోతే రెండొందల లైన్ల ఎర్రక్షరాలు కనబడతాయి. అప్పుడు మనకి గుర్తొచ్చేది ఆ మాడ్యూలు రాసినాయన కాదు, మూట విప్పిన పనిముట్టు.

ఈ పనిముట్ల కోడు తెరిచి చూసినవాళ్ళు మొట్టమొదట అనే మాట, "ఛీ, ఇంత చెత్తగా ఉందేంటి?" అని. నిజమే, చెత్తగానే ఉంటుంది. కాని ఆ చెత్త ఎలా పోగయిందో ఒక్కసారి ఆలోచించండి. మామూలు ప్రోగ్రాము నాలుగైదు రకాల మెషీన్ల మీద నడిస్తే చాలు. ఇది మాత్రం ఊళ్ళో ఉన్న ప్రతి మెషీన్ మీదా నడవాలి. ఫోల్డర్ పేరులో ఖాళీ ఉన్న విండోస్ మీద నడవాలి. అడ్మిన్ హక్కులు లేని కాలేజీ సర్వర్ మీద నడవాలి. పదేళ్ళుగా ఎవరూ ముట్టుకోని బ్యాంకు యూనిక్సు మీద కూడా నడవాలి. అర్థంపర్థం లేదనిపించే ఒక్కో లైను వెనకాలా ఎక్కడో ఒకచోట, ఎప్పుడో ఒకప్పుడు ఇన్‌స్టాల్ కాక తల పట్టుకున్న మనిషి ఒకడుంటాడు. ఆ లైను తీసేస్తే కోడు అందంగా అవుతుంది. ఆ మనిషి మళ్ళీ తల పట్టుకుంటాడు.

దీనికి పెర్ల్‌ని మించిన ఉదాహరణ లేదు. సీపాన్ అని పెర్ల్ మాడ్యూళ్ళ పెద్ద గిడ్డంగి 1995లో మొదలైంది. తర్వాత ఎన్నో భాషలవాళ్ళు కట్టుకున్న గిడ్డంగులకి ఇదొక దారి చూపింది. అందులో ఉన్న సరుకుని ఇన్‌స్టాల్ చెయ్యడానికి పెర్ల్ 5తో పాటు వచ్చిన పనిముట్టు మేక్‌మేకర్. అది పనిచేసే తీరు చూస్తే నవ్వొస్తుంది. పెర్ల్‌లో రాసిన ప్రోగ్రాము ఒక మేక్‌ఫైలుని రాసిపెడుతుంది. ఆ మేక్‌ఫైలుని మేక్ అనే మరో ప్రోగ్రాము చదువుతుంది. అది షెల్ కమాండ్లు నడుపుతుంది. ఆ కమాండ్లలో సగం మళ్ళీ పెర్ల్‌నే పిలుస్తాయి! పైగా యూనిక్సు మేక్ వేరు, విండోస్‌లో ఎన్‌మేక్ వేరు, వీఎమ్మెస్ అనే పాత సిస్టంలో కథే వేరు. కొటేషన్ గుర్తు ఒకటి ఎక్కడ పెట్టాలన్నది ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. దీన్ని ఏళ్ళ తరబడి భుజాన మోసిన మైకేల్ ష్వెర్న్ స్వయంగా, ఇక దీని పని అయిపోయినట్టే, వేరేది చూసుకోండి అని సభల్లో చెప్పాడు. తను పోషిస్తున్న పనిముట్టు గురించి పోషించేవాడే అంత మాటన్నాడంటే అది ఎంత బరువో ఊహించుకోండి.

ఆ వేరేది ఏమిటంటే మాడ్యూల్ బిల్డ్. కెన్ విలియమ్స్ 2000ల తొలినాళ్ళలో మొదలుపెట్టాడు. మేక్ అక్కర్లేదు, షెల్ గొడవ లేదు, అంతా పెర్ల్‌లోనే. కోడు చదవడానికి హాయిగా ఉంటుంది, మనకి కావలసినట్టు మార్చుకోడమూ తేలికే. 2007 డిసెంబరులో పెర్ల్ 5.10తో పాటు అసలు భాషలోకే చేర్చుకున్నారు. ఇక మేక్‌మేకర్ రిటైరవ్వడమే తరువాయి అనుకున్నారందరూ. జరిగిందేమిటి? 2015లో పెర్ల్ 5.22 వచ్చేసరికి బయటికి వెళ్ళింది మాడ్యూల్ బిల్డ్! సీపాన్‌లో అది ఉంది, కావలసినవాళ్ళు తెచ్చుకోవచ్చు. కాని భాషతో పాటు ఇంటింటికీ వెళ్ళేది మాత్రం "పని అయిపోయిన" ఆ మేక్‌మేకరే.

ఎందుకిలా? శుభ్రమైన కోడు ఓడిపోయిందని కొందరు నిట్టూరుస్తారు. నేనలా అనుకోను. అన్నిటినీ ఇన్‌స్టాల్ చేసే పనిముట్టుకి ఒక విచిత్రమైన ఇబ్బంది ఉంది, దాన్ని ఎవరు ఇన్‌స్టాల్ చేస్తారు? మాడ్యూల్ బిల్డ్ లేని మెషీన్ మీద మాడ్యూల్ బిల్డ్ అడిగే మూట దిగితే, మూట విప్పడానికే వీల్లేదు. కాన్ఫిగర్ చెయ్యడానికి ముందే ఫలానాది కావాలి అని మూట మీద రాసే పద్ధతి, దాన్ని అర్థం చేసుకునే ఇన్‌స్టాలర్లూ తరవాతెప్పుడో వచ్చాయి. ఈలోగా మాడ్యూళ్ళు రాసేవాళ్ళు ఎందుకొచ్చిన గొడవని రెండు రకాల ఫైళ్ళూ పెట్టేవాళ్ళు. పైగా మేక్‌మేకర్‌లో ఎక్కడ ఇన్‌స్టాల్ చెయ్యాలో చెప్పే ఒక పాత ఆప్షన్ మాడ్యూల్ బిల్డ్‌లో మొదట్లో లేదు. దాని వెనకున్న లాజిక్కు అస్తవ్యస్తంగా ఉందని కావాలనే వదిలేశారు. న్యాయంగా మాట్లాడితే వాళ్ళన్నది రైటే. కాని జనానికి కావలసింది న్యాయం కాదు, తమ పాత స్క్రిప్టు నడవడం. గోల గోల చేశారు. చివరికి ఆ అస్తవ్యస్తాన్ని కూడా తెచ్చి పెట్టాల్సొచ్చింది.

దీన్నుంచి నాకు అర్థమైంది ఒకటే. ఇలాంటి పనిముట్టులో ముఖ్యమైన గుణం అందం కాదు, కొత్త సౌకర్యాలూ కాదు. నిన్న విప్పిన మూటని ఇవాళ కూడా విప్పగలగడం, అంతే. కట్టినవాడు ఆ మూట మర్చిపోయి పదేళ్ళయినా సరే.

"అబ్బే, అలా ఎల్లకాలం కుదురుతుందా? పాతవి తీసెయ్యకపోతే కోడు కుళ్ళిపోదూ?" అంటారు మీరు. సరే, పైథాన్ కథ చూద్దాం.

పైథాన్‌లో డిస్ట్‌యూటిల్స్ 2000 నుంచి భాషతోనే వచ్చేది. 2004లో ఫిలిప్ ఎబీ దాని మీద సెటప్‌టూల్స్ కట్టాడు. అది నత్తనడక నడుస్తోందని 2008లో కొందరు చీలిపోయి డిస్ట్రిబ్యూట్ అనే కాపీ పెట్టుకున్నారు. 2013లో రెండూ మళ్ళీ కలిశాయి. 2023లో పైథాన్ 3.12తో డిస్ట్‌యూటిల్స్‌ని భాషలోంచి తీసేశారు. మరి దాని మీద ఆధారపడ్డ లెక్కలేనన్ని మూటల సంగతేమిటి? సెటప్‌టూల్స్ దాని కాపీని తన కడుపులో పెట్టుకుని మోస్తోంది. భాష దించేసుకున్న బరువు మాయమవలేదు. ఆ భుజం మీంచి ఈ భుజం మీదకి మారింది.

ఇక 2025 మార్చి 24న జరిగింది చూడండి. సెటప్‌టూల్స్ కాన్ఫిగరేషన్ ఫైల్లో కొన్ని ఆప్షన్ల పేర్లని పూర్వం రెండు రకాలుగా రాసేవాళ్ళు, మాటల మధ్య అడ్డగీతతో కొందరు, కింది గీతతో కొందరు. అడ్డగీత వాడకండి అని 2021 నుంచీ హెచ్చరిక వస్తూనే ఉంది. నాలుగేళ్ళు ఆగి, 78 వెర్షన్లో అడ్డగీతని ఒప్పుకోవడం మానేశారు. అంతే, ప్రపంచం నలుమూలలా బిల్డులు కుప్పకూలాయి. ముందే కట్టి ఉంచిన వీల్ ఫైళ్ళకి ఏమీ కాలేదు గాని, సోర్సు నుంచి కట్టాల్సిన పాత పేకేజీలు టపటపా పడిపోయాయి. కొన్ని గంటల్లోనే 78.0.2 విడుదల చేసి ఆ మార్పుని వెనక్కి తీసుకున్నారు.

అప్పుడు జనం రెండు పార్టీలుగా విడిపోయారు. ఒక పార్టీ: "నాలుగేళ్ళు హెచ్చరించినా వినకపోతే మీ ఖర్మ." రెండో పార్టీ: "కందకి లేని దురద కత్తిపీటకెందుకు? అడ్డగీతతో పేకేజీ రాసినవాడికి ఇబ్బంది లేదు, వాడుకునేవాడికి ఇబ్బంది లేదు, మధ్యలో నీకేంటి?" నా ఓటు రెండో పార్టీకే. కాని వాళ్ళు మాట్లాడిన తీరుకి కాదు, వాదనకి మాత్రమే.

ఎందుకంటే, ఈ హెచ్చరిక అనేది ఎవరి కంట పడుతోందో చూడండి. ఇన్‌స్టాల్ చేస్తున్నవాడి స్క్రీను మీద పడుతోంది. అదీ పిప్ చాలాసార్లు దాచేస్తుంది కాబట్టి, పడితే గిడితే! వాడు దాన్ని చూసి చెయ్యగలిగింది సున్నా, ఎందుకంటే ఆ పేకేజీ వాడిది కాదు. సరిచెయ్యగలిగినవాడు పేకేజీ రాసినాయన. ఆయన దాన్ని 2016లో ఒకసారి విడుదల చేసి, పెళ్ళి చేసుకుని, ఉద్యోగం మారి, అసలు ఆ సంగతే మర్చిపోయాడు. ఆయన మళ్ళీ బిల్డు చేస్తే కదా హెచ్చరిక చూసేది? ఎదురింటాయనకి రావాల్సిన కోర్టు నోటీసు నాలుగేళ్ళుగా మన ఇంటి తలుపుకి అంటించి, ఆఖర్న వాళ్ళిల్లు కూల్చేసినట్టుంది. మామూలు లైబ్రరీ అయితే పాత వెర్షన్‌కి కట్టుబడి ఉండొచ్చు. ఇక్కడ ఆ వెసులుబాటూ తక్కువే. పిప్ ప్రతి బిల్డుకీ విడిగా ఒక గది కట్టి, అందులోకి సెటప్‌టూల్స్‌ని తాజాగా తెస్తుంది. ఫలానా వెర్షనే కావాలి అని పేకేజీ చెప్పకపోతే సరికొత్తదే వస్తుంది. మన ప్రాజెక్టులో ప్రతి వెర్షన్నీ మేకులు కొట్టి బిగించుకున్నా, ఈ ఒక్క కిటికీ తెరిచే ఉంటుంది.

కాబట్టి నా అభిప్రాయం ఏమిటంటే, బిల్డు పనిముట్టులో శుభ్రత కోసం పాతదాన్ని విరక్కొట్టకూడదు. భద్రత కోసమైతే విరక్కొట్టాలి, అది వేరే లెక్క. 2017లో పెర్ల్ 5.26 అదే చేసింది. అప్పటిదాకా మాడ్యూళ్ళు వెతికే చోట్లలో మనం ఉన్న ఫోల్డర్ కూడా ఉండేది. ఎవడైనా అక్కడ దొంగ ఫైలు పెడితే అది నడిచిపోయే ప్రమాదం ఉంది. తీసేశారు. దాని మీద ఆధారపడ్డ ఇన్‌స్టాల్ స్క్రిప్టులు చాలా విరిగాయి. కాని తీసేసేముందు, తప్పదన్నవాళ్ళ కోసం ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టారు. దాని పేరులోనే ఇది సురక్షితం కాదు అని రాసిపెట్టారు. విరక్కొట్టక తప్పనప్పుడు విరక్కొట్టే పద్ధతి అదీ.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఏదీ విరగకూడదు, అన్నీ ఎల్లకాలం నడవాలి అంటే ఆ చెత్తంతా ఎవరు మొయ్యాలి? నేనిక్కడ హాయిగా కూర్చుని "తీసెయ్యకూడదు" అని తీర్పు చెప్పేశాను. మోసేది నేను కాదుగా! మోసేది ఎక్కడో పగలంతా వేరే ఉద్యోగం చేసుకుని, పిల్లల్ని పడుకోబెట్టి, రాత్రి పదింటికి లాప్‌టాప్ తెరిచే మనిషి. ఆయనకి శుభ్రత మీద మోజు ఎందుకంటే, ఆ రెండు గంటల్లో ఇరవయ్యేళ్ళ చెత్తని తలలో పెట్టుకోలేక. అడ్డగీతని ఒప్పుకునే కోడు పట్టుమని పది లైన్లు కూడా ఉండకపోవచ్చు. అలాంటి పది లైన్లు వెయ్యి పోగయితే? అందుకే మన డిమాండు న్యాయమైనదే అయినా, బరువులో చెయ్యి వెయ్యకుండా డిమాండు చెయ్యడం మాత్రం న్యాయం కాదు.

ఆ మనిషి అలిసిపోతే ఏమవుతుందో 2024లో చూశాం. ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీ దాదాపు ప్రతి లినక్సులోనూ ఉంటుంది. దాన్ని చాలా ఏళ్ళుగా ప్రధానంగా ఒక్కడే, తీరిక వేళల్లో చూసుకునేవాడు. 2022లో ఆయన మీద ఒత్తిడి మొదలైంది, ప్యాచ్‌లు ఎందుకు చూడ్డంలేదు, చేతకాకపోతే వేరేవాళ్ళకి అప్పగించు అని. తన మానసిక ఆరోగ్యం బాలేదని, ఇది జీతం లేని పని అని ఆయన చెప్పుకున్నాడు కూడా. సరిగ్గా అప్పుడే సాయం చేస్తానని వచ్చినవాడు రెండేళ్ళపాటు ఓపిగ్గా మంచి పని చేసి, నమ్మకం సంపాదించి, ఆఖరికి వెనకదారి ఒకటి తవ్వాడు. ఎక్కడ తవ్వాడో గమనించండి. అసలు కోడులో కాదు, బిల్డు స్క్రిప్టులో. అందరూ చూసే గిట్ రిపాజిటరీలో ఆ లైన్లు లేవు, విడుదల చేసిన మూటలో మాత్రమే ఉన్నాయి. మిగతా సరంజామా టెస్టు ఫైళ్ళలా వేషం వేసుకుని కూర్చుంది. మార్చి నెలాఖరున ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ ఇంజనీరు, ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేంటి అని కూపీ లాగబట్టి బయటపడింది. లేకపోతే మన సర్వర్ల గతి ఏమయ్యేదో తలుచుకుంటేనే భయం వేస్తుంది. ఎవరూ చదవని చోటే దొంగ దూరతాడు. బిల్డు స్క్రిప్టుల్ని ఎవరూ చదవరు.

మన దగ్గరకొద్దాం. హైదరాబాదులో, బెంగుళూరులో ఇంతమందిమి ఉన్నాం, పొద్దున లేస్తే పిప్పో ఎన్‌పీఎమ్మో కొట్టకుండా పని మొదలవదు. నేను పూర్వం పనిచేసిన ఒక కంపెనీలో, మా బిల్డులన్నీ ఆధారపడ్డ ఒక పనిముట్టుకి వారానికి రెండు గంటలు పనిచేస్తామని ఇద్దరం అడిగాం. మేనేజరు చెడ్డవాడేం కాదు, శ్రద్ధగానే విన్నాడు. విని, "క్లయింటుకి ఏమని బిల్లు వెయ్యమంటావు?" అన్నాడు. దానికి మా దగ్గర జవాబు లేదు. ఆ మరుసటి నెలలోనే అదే పనిముట్టు కొత్త వెర్షన్ వల్ల బిల్డులు ఆగి ఆరుగురం ఒక రోజంతా కూర్చున్నాం. ఆ రోజుకి మాత్రం క్లయింటుకి శుభ్రంగా బిల్లు వేశారు :)

అన్నీ చీకటి కబుర్లే కాదు లెండి. 2022లో జర్మనీ ప్రభుత్వం ఇలాంటి పునాది సాఫ్టువేరు కోసం సావరిన్ టెక్ ఫండ్ పెట్టింది. మన దేశంలో జెరోధావాళ్ళు ఏడాదికి 10 లక్షల డాలర్లు ఓపెన్‌సోర్సుకి ఇస్తామని 2024 అక్టోబరులో ఫ్లాస్ ఫండ్ మొదలుపెట్టారు. మంచిదే. కాని డబ్బొక్కటే చాలదు. పది వేల డాలర్లిచ్చినా ఆ రాత్రి పదింటి మనిషికి రోజుకి ఇరవయ్యైదో గంట రాదు. కావలసింది ఇంకో జత చేతులు.

మనలాంటి మామూలు ఇంజనీర్లం చెయ్యగలిగినవి కొన్ని ఉన్నాయి. ఒకటి, కొత్త వెర్షన్ విడుదలకి ముందు వచ్చే ట్రయల్ వెర్షన్లతో మన ప్రాజెక్టుని రాత్రిపూట ఒకసారి బిల్డు చేసి చూడటం. పెర్ల్‌వాళ్ళకి సీపాన్ టెస్టర్స్ అని వాలంటీర్ల దండు ఉంది, ఎవరు ఏ మాడ్యూలు పెట్టినా రకరకాల మెషీన్ల మీద పరీక్షించి ఫలితం చెబుతారు. నా దృష్టిలో సీపాన్‌కున్న అసలు ఆస్తి అదే. రెండు, బిల్డు పనిముట్టు వెర్షన్ని కూడా బిగించుకోవడం, కావలసిన మూటల నకళ్ళు మన సర్వర్లో ఉంచుకోవడం. 2016లో ఎన్‌పీఎమ్ నుంచి లెఫ్ట్‌ప్యాడ్ అనే పదకొండు లైన్ల పేకేజీ తీసేస్తే ఎన్ని బిల్డులు ఆగాయో గుర్తుందిగా. మూడు, మనం వాడే పాత పేకేజీలో అడ్డగీత లాంటిది కనబడితే, దాన్ని రాసినాయనకి సరిచేసి పంపడం. ఐదు నిమిషాల పని. నాలుగు, బగ్ రిపోర్టు రాసేటప్పుడు "మా ప్రొడక్షన్ ఆగిపోయింది, వెంటనే చూడండి" అని ఆర్డర్లు వెయ్యకుండా, ఏ మెషీను, ఏ వెర్షన్, ఏం చేస్తే ఏమైంది అని రాయడం. జీతమిచ్చే మన సొంత అడ్మిన్‌తో మాట్లాడేటప్పుడు ఉండే మర్యాద, జీతం లేకుండా చేసేవాడి దగ్గరికొచ్చేసరికి ఎక్కడికి పోతుందో నాకు అర్థం కాదు.

ఇక ఆ పనిముట్లు చూసుకునేవాళ్ళకి ఒక్క మాట. మీరు తీసెయ్యాలనుకుంటున్న ఆ పాత లైను అసహ్యంగానే ఉంటుంది, కాదనను. కాని దాని మీద ఎవరెవరు నిలబడ్డారో మీకు కనబడరు, వాళ్ళకి మీ హెచ్చరికా కనబడదు. దొంగలు దూరే సందైతే రేపే మూసెయ్యండి. అందంగా లేదన్న ఒక్క కారణానికైతే ఉండనివ్వండి. మొయ్యలేకపోతే మొయ్యలేకపోతున్నాం అని గట్టిగా, నలుగురికీ వినబడేలా చెప్పండి. అలా చెప్పడం చేతకానితనం కాదు.

మీ ఆఫీసులో రేపు బిల్డు పచ్చగా వెలిగాక, అది ఏ పనిముట్టు వల్ల వెలిగిందో, దాన్ని ఎంతమంది చూసుకుంటున్నారో ఓసారి వెతికి చూడండి. ఆ సంఖ్య ఒక చేతి వేళ్ళు దాటితే నాకు ఆశ్చర్యమే.